పైలం: బయాస్ మార్చే ముందటి గంట

కంప్యూటరు మీట నొక్కిన తరువాత తెర మీద విండోస్ గుర్తో, లినక్సు అక్షరాలో కనిపించేలోపు కొన్ని క్షణాల చీకటి ఉంటుంది. మనలో చాలామందిమి ఆ చీకటిని గురించి ఎన్నడూ ఆలోచించి ఉండము. ఆ కాస్త సేపట్లోనే యంత్రం తన మెమరీ ఎంతో చూసుకొంటుంది, కీబోర్డును పలకరిస్తుంది, డిస్కు ఎక్కడుందో వెతుక్కొంటుంది, ఆపైన పగ్గాలను నిర్వాహక వ్యవస్థ చేతికి అప్పగిస్తుంది. ఈ పనంతా చేసే చిన్న ప్రోగ్రామునే బయాస్ అంటున్నాము. అది డిస్కులో ఉండదు. మదర్‌బోర్డు మీద, వేలిగోరు కంటే చిన్నదైన, సాధారణంగా ఎనిమిది కాళ్ళుండే ఒక చిప్పులో ఉంటుంది.

మామూలు ప్రోగ్రాము ఏదైనా చెడిపోతే మళ్ళీ స్థాపించుకొంటాము. విండోస్ చెడినా అంతే. ఎందుకంటే దాని కింద నిలబడి పని చేయడానికి ఇంకొకటి ఉంటుంది. బయాస్ కింద మాత్రం ఏమీ లేదు. బయాస్‌ను మార్చడమంటే కూర్చున్న కొమ్మను తీసేసి, కింద పడేలోపు అక్కడే ఇంకో కొమ్మను అతికించడం వంటిది. అందుకే దాని పేరెత్తగానే ఎంతో అనుభవం ఉన్నవారు కూడా ఒక క్షణం ఆగుతారు. ఆ భయం మంచిదే. అయితే మనం భయపడే చోటు మాత్రం సరైనది కాదేమోనని నాకు ఈమధ్య గట్టిగా అనిపించింది. ఈ టపా అందుకోసమే.

ముందు కాస్త చరిత్ర. బయాస్ అన్న మాట వాడుకలోకి రావడానికి కారకుడు గారీ కిల్డాల్. 1970ల నడుమ ఆయన రాసిన సీపీ/ఎం అనే నిర్వాహక వ్యవస్థలో యంత్రానికీ ప్రోగ్రాములకూ మధ్య వారధిగా ఉండే భాగానికి ఆ పేరు పెట్టారు. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు ఆ వారధి ఒక రోమ్ చిప్పులో స్థిరపడింది. రోమ్ అంటే చదవడానికే తప్ప తిరిగి రాయడానికి వీలులేనిది. ఇతర యంత్రాలలో వాడిన కొన్ని చిప్పులకు పైన చిన్న గాజు కిటికీ ఉండేది, అతినీలలోహిత కాంతి పడితే అందులోని రాత చెరిగిపోయేది. అందుకని దాని మీద కాగితం అంటించేవారు. అంటే ఆ రోజుల్లో బయాస్ మార్చాలంటే చిప్పునే ఊడదీయవలసి వచ్చేది. అది కష్టమే గాని, అనుకోకుండా జరిగే ప్రమాదం కాదు.

1990లలో ఫ్లాష్ చిప్పులు వచ్చాయి. యంత్రం తన బయాస్‌ను తానే తిరగరాసుకొనే వీలు కలిగింది. తలుపు మనకు తెరుచుకొంటే దొంగకూ తెరుచుకొంటుంది కదా! తైవాన్‌లో చెన్ ఇంగ్-హావ్ అనే విద్యార్థి 1998లో రాసిన సీఐహెచ్ వైరస్ 1999 ఏప్రిల్ 26న విండోస్ 95, 98 యంత్రాల మీద విరుచుకుపడింది. డిస్కు మొదటి భాగాన్ని చెరిపివేయడంతో పాటు, వీలున్న బోర్డులలో బయాస్ చిప్పులో చెత్త రాసి పోయింది. 1986లో చెర్నోబిల్ ప్రమాదం జరిగిన తేదీ కూడా అదే కావడంతో ఆ వైరస్‌కు ఆ పేరు స్థిరపడింది. దక్షిణ కొరియా, టర్కీ దేశాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. బయాస్ అంటే మన తరానికి ఉన్న భయంలో కొంత ఆ రోజు నుంచి వచ్చినదే. ఇప్పటి యంత్రాలలో ఉన్నది నిజానికి యూఈఎఫ్ఐ అనే కొత్త కట్టడం. తయారీదారు సంతకం లేని ఫైలును అది సాధారణంగా ఒప్పుకోదు. అయినా జనం నోట బయాస్ అన్న మాటే నిలిచింది. నేనూ అలాగే రాస్తాను.

ఇక అసలు విషయానికి వస్తాను.

మా పెద్దనాయన తెలుగు పండితుడిగా పని చేసి పదవీ విరమణ చేశారు. చౌటుప్పల్, పోచంపల్లి ప్రాంతపు మాటలను పోగుచేయడం ఆయన వ్యసనం. సాలెవాళ్ళ ఆసు, నాడె, పడుగు, పేక మొదలుకొని వ్యవసాయపు మాటలు, తిట్లు, పొడుపు కథల దాకా. కైకిలి, సోయి, ఇగురం వంటి ఒక్కొక్క మాటకూ ఎవరు, ఏ సందర్భంలో, ఎట్లా పలికారో రాసి ఉంచుతారు. ఒకప్పుడు అట్టముక్కల మీద రాసేవారు. యూనికోడులో టైపు చేయడం నేర్చిన తరువాత అట్టలు కట్టగట్టి అటక మీద పెట్టేశారు. అందులో సగం చెదలు తినివేశాయి. కాబట్టి ఇప్పుడు ఆ మాటలన్నీ ఉన్నది ఎల్బీ నగర్‌లో ఆయన మంచం పక్కన, అరచేయంత వెడల్పున్న ఒక చిన్న కంప్యూటరులో. దానిని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దుకాణంలో కొన్నారు. ఎవరో ఆఫీసులో వాడి వదిలేసినది, శుభ్రం చేసి అమ్మినది. తెరకు వెనుక తగిలించితే కనిపించను కూడా కనిపించదు.

ఆ పెట్టెకు బయాస్ నవీకరణ కావాలని ఒకరోజు తెర మీద సూచన వచ్చింది. ఆయన దాన్ని ముట్టుకోకుండా నాకు ఫోను చేశారు.

మొదటి ప్రశ్న: అసలు చేయవలసిన అవసరం ఉన్నదా? కొత్తది వచ్చింది కనుక వేసుకోవడం ఇక్కడ పనికిరాదు. దీనికి రెండు వైపులా ఉదాహరణలు ఉన్నాయి. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే లోపాలు బయటపడినప్పుడు హడావుడిగా వచ్చిన ప్రాసెసరు సవరణలు కొన్ని యంత్రాలను వాటంతటవే మళ్ళీ మళ్ళీ మొదలయ్యేటట్లు చేశాయి. ఆ నెల 22న ఇంటెల్ సంస్థే వాటిని వేయడం ఆపమని కోరింది. అప్పుడు రెండు వారాలు ఆగినవారు సుఖపడ్డారు. 2024లో దీనికి సరిగా తలకిందులు. ఇంటెల్ 13, 14వ తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని, ఎక్కువ వోల్టేజి వలన లోలోపల దెబ్బతింటున్నట్లు తేలింది. ఆగస్టులో వచ్చిన 0ఎక్స్129 అనే సవరణ బయాస్ నవీకరణల ద్వారానే అందింది. అది ముందు ముందు జరిగే చేటును అరికట్టేదే గాని, అప్పటికే జరిగిన చేటును మాన్పలేనిది. అక్కడ ఆలస్యమే ప్రమాదం. ఈ రెండింటిలో మనది ఏ కోవలోనిదో చెప్పేది ఒక్కటే: నవీకరణతో పాటు తయారీదారు ఇచ్చే వివరణ పత్రం. దానిని చదవకుండా ముందుకు పోరాదు.

పెద్దనాయన పెట్టెకు వచ్చినదాని వివరణ చదివాను. అందులో కొన్ని భద్రతా లోపాల సవరణలు ఉన్నాయి. సెక్యూర్ బూట్ ధ్రువపత్రాల సంగతి కూడా ఉన్నది. యంత్రం మొదలయ్యేటప్పుడు లోడయ్యేది నమ్మదగినదా కాదా అని సరిచూసే ఏర్పాటు అది. 2011లో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఆ ధ్రువపత్రాలకు 2026 జూన్ మొదలుకొని గడువు తీరేటట్లు రాసి ఉన్నది. గడువు తీరినంత మాత్రాన యంత్రం ఆగిపోదు. కానీ ఆ దశకు సంబంధించిన తరువాతి రక్షణలు అందవు. కొన్ని యంత్రాలలో కొత్త ధ్రువపత్రాలు సక్రమంగా కుదురుకోవాలంటే ముందు బయాస్ మారాలి. ఆ పత్రం ప్రకారం ఈ పెట్టె అటువంటిదే. కాబట్టి ఇక్కడ కారణం ఉన్నది, తొందర మాత్రం లేదు. బయాస్ పనికి ఇంతకంటే మంచి స్థితి ఉండదు.

రెండవ ప్రశ్న: ఈ యంత్రం పేరేమిటి? వినడానికి చిన్నదిగా ఉన్నా ఇక్కడ పొరపడితే అంతా పొరపాటే. ఇంటెల్ ఎన్‌యూసీ పెట్టెలనే తీసుకోండి. 11వ తరంలోనే టైగర్ కాన్యన్ ఉన్నది, పాంథర్ కాన్యన్ ఉన్నది. చూడడానికి అన్నదమ్ముల వలె ఉంటాయి. మొదటిదాని ఫైలు పేరు టీఎన్‌టీజీఎల్357తో మొదలవుతుంది, రెండవదానిది పీఏటీజీఎల్357తో. పైగా 2023 జులైలో ఇంటెల్ ఆ పెట్టెల వ్యాపారం నుంచి తప్పుకొంటున్నట్లు ప్రకటించింది. 10 నుంచి 13వ తరం దాకా వాటి తయారీ, అమ్మకం, ఆలనాపాలనా ఆసుస్ చేపట్టింది. కాబట్టి పెట్టె మీద ఒకరి పేరు ఉంటే, ఫైలు వెతకవలసినది వేరొకరి వద్ద. ఈ సంగతి తెలియనివారు ఎక్కడో దొరికిన ఫైలును దించుకొంటారు. అది ఎన్నటికీ చేయరాదు.

పెద్దనాయనది ఆ జాతి పెట్టె కాకపోయినా చిక్కు అదే. అడుగున అంటించిన చీటీ మీద ఒక మోడలు పేరు ఉన్నది. వాడినవాటిని బాగుచేసి అమ్మేచోట ఒకదాని పైపెట్టె ఇంకొకదానికి తొడగడం అరుదు కాదు. అందుకని చీటీని నమ్మక, విండోస్‌లోని సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి మోడలు, బోర్డు, ఉన్న బయాస్ సంఖ్య, తేదీ రాసుకొన్నాను. అవి చీటీతో సరిపోయాయి. తయారీదారు వెబ్‌సైటులోనూ అవే. మరీ పాత సంఖ్య నుంచి నేరుగా కొత్తదానికి దూకరాదనీ, నడుమ ఒక మెట్టు ఎక్కాలనీ కొన్ని యంత్రాలకు నిబంధన ఉంటుంది. కొన్నిటిలో ఒకసారి ఎక్కితే మళ్ళీ కిందికి దిగనివ్వరు. ఈ రెండూ కూడా ఆ వివరణ పత్రంలోనే ఉంటాయి.

ఇంతవరకూ నాకు తెలిసిన దారే. మూడవ ప్రశ్న దగ్గర మాత్రం చెమట పట్టింది.

ఆ ప్రశ్న ఇది: ఈ డిస్కుకు తాళం ఉన్నదా? ఉంటే తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నది?

ఇటీవలి విండోస్ యంత్రాలలో చాలావాటికి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్ళిన పక్షంలో, డిస్కు మొత్తం దానంతటదే గూఢలిపిలోకి మారిపోతుంది. 2024లో వచ్చిన విండోస్ 11 కూర్పుతో ఇది మరిన్ని యంత్రాలకు విస్తరించింది. రోజువారీ వాడుకలో మనకు తెలియను కూడా తెలియదు. ఎందుకంటే తాళం తీసే పని టీపీఎం అనే భాగం చేస్తూ ఉంటుంది. అది నమ్మకమైన కాపలాదారు వంటిది. రోజూ వచ్చే మనిషి ముఖం చూసి తలుపు తీస్తాడు. బయాస్ మారితే ఆ ముఖం మారినట్లే. కొన్ని చిన్న యంత్రాలలో కాపలాదారు విడిగా లేక ఫర్మ్‌వేరులోనే కాపురం ఉంటాడు. ఇల్లు మారితే ఆయనకు గతం గుర్తులేకపోవచ్చు. అప్పుడు తెర నీలంగా మారి 48 అంకెల చెవి అడుగుతుంది. అది లేకపోతే ఆ డిస్కును తెరవడం తయారీదారుకూ సాధ్యం కాదు, విండోస్ చేసినవారికీ సాధ్యం కాదు.

చూశాను. తాళం ఉన్నది. చెవి మామూలుగా ఖాతాలో దాచి ఉంటుంది. "పెద్దనాయనా, మీ మైక్రోసాఫ్ట్ ఖాతా ఏది?" అని అడిగాను.

"నాకేం ఖాతా లేదురా. కొన్ననాడు ఆ దుకాణం పిలగాడే ఏదో పేరు కొట్టిండు. నాలుగంకెలు చెప్పమంటే చెప్పిన. గంతే."

ఆ నాలుగు అంకెలు పిన్ను మాత్రమే. ఖాతా ఏదో చూస్తే, ఆయన పేరుకు వరుసగా కొన్ని అంకెలు తగిలించిన ఒక మెయిలు చిరునామా కనబడింది. దాని సంకేతపదం ఆయనకు తెలియదు. ఆ ఖాతాకు ఇచ్చిన ఫోను నంబరు ఆయనది కాదు. దిల్‌సుఖ్‌నగర్ పోయి అడిగితే ఆ కుర్రవాడు పని మానేసి చాలాకాలమైందన్నారు. పాపం, అతడు చెడు తలచి చేసినది కాదు. గిరాకీ నిలబడి ఉంటే తొందరగా పని ముగించి చేతిలో పెట్టాడు. కానీ పండితుడి మాటల మూటకు చెవి మాత్రం ఎవరికీ అందని చోట ఉండిపోయింది. ఆ సూచనను చూసి ఆయన సరేనని నొక్కి ఉంటే, బయాస్ చక్కగానే మారి ఉండేది. కరెంటూ పోయి ఉండేది కాదు. అన్నీ సవ్యంగా జరిగి, ఆ మాటలు మాత్రం పోయేవి.

అదే నేను చెప్పదలచినది. మనం ఇరవై ఏళ్ళుగా భయపడుతున్నది కరెంటు పోవడం గురించి. అది ఇప్పటికీ ప్రమాదమే. కానీ కరెంటు పోయి చెడిన బయాస్‌ను బాగుచేయడానికి దారులున్నాయి. తాళం పడిన డిస్కుకు దారి లేదు. యంత్రం పోతే ఇంకొకటి వస్తుంది.

అదృష్టం ఏమిటంటే, యంత్రం పని చేస్తూ ఉన్నంతసేపూ చెవిని లోపలి నుంచి రాబట్టుకోవచ్చు. నిర్వాహక హోదాలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి మేనేజ్-బీడీఈ అనే ఆదేశంతో అడిగితే 48 అంకెలూ చూపిస్తుంది. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. ఇంట్లో ప్రింటరు లేదు. పెద్దనాయన తన నోటుపుస్తకం తీసి ముత్యాల వంటి దస్తూరితో రాసుకొన్నారు.

ఇక్కడ మిత్రులకు ఒక చిన్న ఉపకరణం చెబుతాను. ఆ ఎనిమిది గుంపులలో ప్రతి ఒక్కటీ 11తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. ఎత్తి రాసుకోవడంలో తప్పు పట్టుకోవడానికే ఆ ఏర్పాటు. ఉదాహరణకు 135795 అన్న సంఖ్య తీసుకోండి. ఒకటి విడిచి ఒకటి కూడితే 1+5+9 అంటే 15, మిగిలినవి 3+7+5 అంటే 15. తేడా సున్న. తేడా సున్న గాని 11 గాని 22 గాని అయితే సరే. 7, 9 తారుమారై 135975 అని రాశామనుకోండి, ఒకవైపు 13, ఇంకొకవైపు 17 వస్తాయి. తప్పు బయటపడుతుంది. ఏ ఒక్క అంకె తప్పినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఈ లెక్క పట్టుకొంటుంది. ఈ మాట చెప్పగానే ఆయన ముఖం వెలిగింది. "యతిప్రాసలు చూసినట్టే గద" అంటూ పద్యపాదాలు గుణించినట్లు ఎనిమిది గుంపులనూ గుణించారు. ఐదవ దానిలో లెక్క తప్పింది. తెర మీద సున్న ఉన్నచోట ఆరు పడింది. దిద్దుకొన్నారు. ఆ దిద్దుబాటు జరగకపోతే ఆ కాగితం ఉన్నా లేనట్టే.

ఆ తరువాత మాటల ఫైళ్ళన్నీ ఒక బయటి డిస్కులోకి, ఇంకొక పెన్ డ్రైవులోకి ఎత్తాము. ఎత్తిన వాటిని నా ల్యాప్‌టాపులో తెరిచి, అక్షరాలు సరిగా కనిపిస్తున్నాయో లేదో ఆయన చేతనే చూపించుకొన్నాను. తెరిచి చూడని నకలు నకలు కాదు. పెన్ డ్రైవును కోడలి బీరువాలో పెట్టమన్నాను. పెట్టె ఉన్న గదిలోనే నకలు ఉండరాదు. ఆపైన డిస్కు రక్షణను తాత్కాలికంగా నిలిపివేశాను. తాళం పూర్తిగా తీసివేయడం వేరు, కాపలాదారుకు ఆ పూటకు సెలవు ఇవ్వడం వేరు. మనకు కావలసినది రెండవది.

నాలగవది కరెంటు. ఎల్బీ నగర్ ఇళ్ళలో ఇన్వర్టర్లు చాలానే ఉన్నాయి. 2012, 2013 వేసవుల కోతలను చూసినవారు ఎట్లా మరచిపోతారు! ఇప్పుడు ఆనాటి కోతలు లేవు గాని, మే నెల సాయంత్రాల గాలిదుమారానికి కొమ్మలు తీగల మీద పడడం మానలేదు. ఇన్వర్టరు ఉన్నది కదా అని నిశ్చింతగా ఉండరాదు. కరెంటు పోయిన క్షణానికీ, బ్యాటరీ అందుకొనే క్షణానికీ మధ్య చిన్న విరామం ఉంటుంది. ఫ్యానుకు అది తెలియదు, కంప్యూటరుకు తెలుస్తుంది. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ పద్ధతి, మామూలు పద్ధతి అని ఒక చిన్న మీట ఉంటుంది. మొదటిదానిలో ఆ విరామం తక్కువ. ల్యాప్‌టాపుకు తన బ్యాటరీ తోడుగా ఉంటుంది. ఈ చిన్న పెట్టెలకు అదీ లేదు. లోపల ఉండే సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ గడియారాన్ని నడపడానికే సరిపోతుంది.

ఇటువంటి పెట్టె వాడే కరెంటు తక్కువే. చిన్న యూపీఎస్ కూడా దానిని హాయిగా మోస్తుంది. అయితే ఆ యూపీఎస్ బ్యాటరీ బతికి ఉన్నదో లేదో ముందే చూడాలి. అన్ని ఫైళ్ళూ మూసివేసి, పెట్టె నడుస్తూ ఉండగా యూపీఎస్ ప్లగ్గును గోడ నుంచి పీకి పది నిమిషాలు చూశాము. నిలిచింది. తిరిగి పెట్టాము. పని ఉదయం పూట, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు పెట్టుకొన్నాము.

చెడితే ఏమిటన్నది కూడా ముందే తెలుసుకోవాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ల్యాప్‌టాపులు బాగుచేసే చిన్న గదులు చాలా ఉన్నాయి. అందులో ఒకాయనతో మాట్లాడాను. ఎనిమిది కాళ్ళ చిప్పు మీద గుండీపిన్ను వంటి క్లిప్పు తగిలించి, చిన్న ప్రోగ్రామరు పరికరంతో అందులోకి బయాస్‌ను నేరుగా రాస్తారు. చచ్చిందనుకొన్న యంత్రం లేచి కూర్చుంటుంది. ఆయన చెప్పిన జాగ్రత్తలు రెండు. ఉన్నది ఉన్నట్లుగా మొదట చదివి దాచనిదే కొత్తది రాయనీయకూడదు. ఎందుకంటే ఆ యంత్రం క్రమసంఖ్య, చాలావాటిలో విండోస్ లైసెన్సు సంకేతం ఆ చిప్పులోనే ఉంటాయి. ఇంకొక యంత్రం ఫైలు తెచ్చి పోస్తే మన యంత్రం వేరొకరి పేరుతో లేస్తుంది. రెండవది వోల్టేజి. కొన్ని చిప్పులు 3.3 వోల్టులవి, కొన్ని 1.8 వోల్టులవి. ఎక్కువైతే మాడిపోతుంది. "చిప్పు పోతే నేనున్న సార్, లోపలి డేటాకు తాళం పడితే మాత్రం నా తాన మందు లేదు" అన్నాడాయన. దుకాణానికి రాకముందే నాకు తెలిసిన మాటే అయినా, రోజూ చూసేవాడి నోట వినడం వేరు.

ఇక మిగిలినది అసలు పని. దాని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. పెన్ డ్రైవును ఫ్యాట్32 పద్ధతిలో సిద్ధం చేసి, ఆ ఒక్క ఫైలునే అందులో ఉంచాను. కీబోర్డు తప్ప మిగిలిన తీగలన్నీ తీసివేశాను. విండోస్ లోపలి నుంచి కాక, యంత్రం మొదలయ్యేటప్పుడు బయాస్‌లోని నవీకరణ పద్ధతిలోకి వెళ్ళాను. ఆ సమయంలో వేరే ప్రోగ్రాములేవీ అడ్డు రావు. ఎన్‌యూసీ పెట్టెలలో దానికి ఎఫ్7 మీట, ఇతరుల పెట్టెలలో వేరు. ఉన్న సంఖ్య, రాబోయే సంఖ్య తెర మీద చూపి అడిగింది. కాగితంతో సరిచూసి సరేనన్నాను.

"నా మాటలు పైలమేనా?" అన్నారు పెద్దనాయన.

"పైలమే. మీ బీరువాలో ఉన్నయి" అన్నాను.

గీత నిండింది. తెర నల్లబడింది. మళ్ళీ వెలిగి, మళ్ళీ నల్లబడింది. ఇది సహజం. కొన్ని యంత్రాలు రెండు మూడు సార్లు తమంతట తామే మొదలవుతాయి, కొన్ని నిమిషాల పాటు తెర చీకటిగానే ఉంటుంది. చాలామంది ఇక్కడే ఆగిపోయిందనుకొని మీట నొక్కిపట్టి ఆపివేస్తారు. ఆపరాదు. పది పదిహేను నిమిషాలైనా చేతులు కట్టుకొని కూర్చోవాలి. మేము కూర్చున్నాము. ఆయన నోటుపుస్తకాన్ని ఒడిలో పెట్టుకొని ఉన్నారు. కాసేపటికి యంత్రం లేచింది. చెవి అడగలేదు. బయాస్ లోపలికి వెళ్ళి తేదీ, సమయం, డిస్కుల వరుస, సెక్యూర్ బూట్ సరిగా ఉన్నాయేమో చూశాను. కొత్త బయాస్ పాత అమరికలను మరచిపోవడం కద్దు. విండోస్‌లో కొత్త సంఖ్య కనిపించింది. డిస్కు రక్షణను తిరిగి నిలబెట్టాను. ఆ మరునాడు ఆయన పేరున, ఆయన ఫోను నంబరుతో కొత్త ఖాతా తెరిచి, చెవిని అందులో భద్రపరచాము. నోటుపుస్తకం పుట మాత్రం అలాగే ఉన్నది.

నవీకరణకు పట్టినది పది నిమిషాల లోపే. దాని ముందటి పనికి రెండు పూటలు పట్టింది. ఆ లెక్క సరైనదేనని నా నమ్మకం.

పైలం అన్న మాటకు పెద్దనాయన రాసుకొన్న వివరణ ఆ రోజే చదివాను. జాగ్రత్త అనే అర్థం అందరికీ తెలిసినదే. ఆయన రాసినది ఇంకాస్త. ఊరికి పోయేవారికి గడప దగ్గర నిలబడి చెప్పే మాట ఇదట. దారిలో ఉన్నవారికి ఎవరూ చెప్పరు, చెప్పినా ఉపయోగం లేదు. బండి కదలకముందే సద్ది కట్టామా, చేతిలో పైసలున్నాయా, ఇంటి తాళంచెవి ఎవరికిచ్చాము అని చూసుకోవడమే పైలం. కంప్యూటరు చీకటిలోకి పోయిన తరువాత మనం చేయగలిగినది చేతులు కట్టుకోవడమే కనుక, ఇక్కడా అంతే.

తెలుగులో మొదటినుంచీ రాస్తున్న మిత్రులలో చాలామంది రాతలు ఇటువంటి పెట్టెలలోనే ఉన్నాయని నాకు తెలుసు. మీ ఇంట్లోనో, మీ తల్లిదండ్రుల ఇంట్లోనో ఉన్న యంత్రానికి ఇప్పుడు ఏ నవీకరణా అవసరం లేకపోవచ్చు. అయినా ఈ ఆదివారం ఒక పని చేయగలరు. దాని డిస్కుకు తాళం ఉన్నదేమో చూడండి. ఉంటే ఆ 48 అంకెలను కాగితం మీద రాసి, గుంపుగుంపునూ 11తో సరిచూసి, యంత్రానికి దూరంగా దాచండి.